జ్యోతి శాంతించే వరకు

సీతన్నవలస ఫైర్ స్టేషన్లో గంట మోగితే నలభై సెకన్లలో బండి గేటు దాటేది. ఇది లెంక దాలినాయుడు తన గురించి తాను చెప్పుకున్న గొప్ప కాదు. గేటు ఎదురుగా కిళ్లీ బడ్డీ పెట్టుకున్న ముసలాయన వాచీ చూసి మరీ చెప్పే మాట. దాలినాయుడు అక్కడ లీడింగ్ ఫైర్‌మన్. ఇరవై ఆరేళ్ల సర్వీసు. మంటల్లోకి వెళ్లేటప్పుడు అతనికి భయం వేసేది కాదు గాని, టపా వచ్చే వేళకు మాత్రం గుండె దడగా ఉండేది. మంట ఎటు పాకుతుందో గాలిని బట్టి చెప్పొచ్చు. కాగితం ఎటు పాకుతుందో ఎవరూ చెప్పలేరు.

ఆ సోమవారం టపాలో వచ్చిన కాగితానికి పేరే రెండు వరుసలుంది: ‘అగ్నిమాపక సిబ్బంది దైనందిన యోగ ధ్యాన సాధన ప్రారంభించుటకు అనుసరించవలసిన మార్గదర్శకాలు – మొదటి దశ’. రాజధానిలో శాఖ పెద్దాయన పదిరోజులు ఏదో ధ్యాన శిబిరానికి వెళ్లి, అక్కణ్ణుంచి నవ్వుతూ తిరిగొచ్చారట. ఆయన నవ్వడం అంతకుముందు శాఖలో ఎవరూ చూడలేదు. ఆ నవ్వు అందరికీ పంచాలని ఆయనకు అనిపించింది. శాఖలో ఏది పంచాలన్నా సర్క్యులర్ ఒక్కటే దారి.

స్టేషన్ ఆఫీసరు పరిమి శశిభూషణరావు గారు సిబ్బంది పన్నెండుమందినీ వరుసగా నిలబెట్టి దాన్ని చదివారు. ఆయన మంచి మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనరు. కాని పైనుంచి కాగితం వచ్చిందంటే అందులోని చుక్కలకూ గీతలకూ కూడా లోబడి ఉంటారు.

“సాధన ప్రతిదినం ఉదయం పది గంటలకు జరగవలెను. సూర్యోదయ వేళ శ్రేష్ఠమే అయినప్పటికీ, ఆ వెలుతురులో ఫొటోలు స్పష్టంగా రానందున ఈ మార్పు చేయడమైనది. సాధకుని కడుపు ఖాళీగాను, దుస్తులు తెల్లగాను, వదులుగాను, ముఖము తూర్పునకును ఉండవలెను. మొదటి వారం ఐదు నిమిషములు కూర్చొని, ఆపై ప్రతి వారం ఐదేసి నిమిషములు పెంచుకొనుచు పోవలెను. సాధన మధ్యలో ఏ బాహ్య కారణము చేతను లేవరాదు.”

“బాహ్య కారణమంటే ఏటి సార్?” అనడిగాడు దాలినాయుడు.

“మన లోపల లేనిది ఏదైనా.”

“అగ్గి సార్?”

శశిభూషణరావు గారు కాగితం తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు. “అగ్గి మన లోపల లేదు కదా దాలినాయుడూ,” అన్నారు, కొంచెం బాధగానే.

మర్నాడు పది గంటలకు పన్నెండుమందీ తెల్ల పైజమాలు వేసుకుని బండి పక్కన చాపల మీద కూర్చున్నారు. ఐదు నిమిషాలయ్యాక ఆఫీసరు గారు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి నమూనా పత్రం నింపసాగారు. అందులో మూడో గడి, సాధన సమయంలో వచ్చిన ఆలోచనల సంఖ్య.

బండి డ్రైవరు కోరాడ సన్యాసిరావు. పేరుకు సన్యాసే గాని తిండి దగ్గర ఏ వైరాగ్యమూ లేనివాడు.

“ఎన్ని ఆలోచనలు వచ్చాయి?”

“ఒకటే సార్.”

“ఒకటేనా?”

“ఇడ్లీలు సార్. కూకున్నకాణ్నించి లెగిసేదాకా అదే.”

శశిభూషణరావు గారు ‘ఏకాగ్రత: అత్యుత్తమం’ అని రాశారు. దాలినాయుడికి పందొమ్మిది ఆలోచనలు వచ్చాయి. పంపులో నీరు, పైపు వాషర్లు, నిచ్చెన గొలుసు, వెనక టైరులో గాలి. అతనికి ‘మెరుగుపడవలెను’ అని వచ్చింది. ఇరవై ఆరేళ్లలో అతనికి వచ్చిన మొదటి చెడ్డ మార్కు అది.

మూడో వారం వరకూ ఊరు సహకరించింది. పది గంటల వేళ ఎక్కడా ఏదీ అంటుకోలేదు. మూడో వారం గురువారం, పదీ ఆరుకు ఫోను మోగింది. ఫోను దగ్గర ఉండవలసిన మనిషి కూడా సాధకుడే కాబట్టి అది మోగి మోగి ఊరుకుంది. కాసేపటికి ఒక ఆడమనిషి పరుగెత్తుకుంటూ వచ్చి గేటు దగ్గర వేలాడే ఇత్తడి గంటను కొట్టడం మొదలుపెట్టింది. గంట వినగానే దాలినాయుడి మోకాళ్లు వాటంతట అవే లేచాయి.

“దాలినాయుడూ,” అన్నారు ఆఫీసరు గారు కళ్లు తెరవకుండానే, మెత్తగా. “ఇంకా ఐదు నిమిషాలు.”

దాలినాయుడు మోకాళ్లను చేతులతో కిందికి నొక్కిపెట్టి కూర్చున్నాడు. ఆ ఐదు నిమిషాల్లో అతనికి వచ్చిన ఆలోచనలు లెక్కపెట్టడానికి వీల్లేకపోయింది.

మంట పుట్టింది గిడుతూరి పరదేశమ్మ జీడిపిక్కల బట్టీలో. ఊరి చివర రేకుల షెడ్డు, పక్కనే తాటాకుల పంచ. అందులో ముప్పై రెండుమంది ఆడవాళ్లు పిక్కలు కాల్చి, కొట్టి, పప్పు తీస్తారు. బండి వెళ్లేసరికి పంచ బూడిదైంది. బకెట్లతో, తడిపిన గోనెసంచులతో ఆడవాళ్లే మంట ఆర్పేశారు. పరదేశమ్మ మోచేతుల దాకా మసితో నిలబడి, బండి దిగుతున్న పన్నెండుమంది తెల్లబట్టల వాళ్లనూ కిందినుంచి పైకి చూసింది.

“ఎవరి దినానికొచ్చినార్రా మీరంతా?”

ఆమె చూపు దాలినాయుడి మీద ఆగింది.

“నువ్వు కూడానా దాలినాయుడూ. దారి మర్సిపోనావేటి?”

అతను వెళ్లేసరికి మంట ఆరిపోయి ఉండడం అంతకుముందెన్నడూ లేదు. ఏం చెయ్యాలో తోచక ఒక ఖాళీ బకెట్టు తీసి సరిగ్గా పెట్టాడు. తర్వాత దాన్నే మళ్లీ తీసి ఇంకోచోట పెట్టాడు.

శశిభూషణరావు గారు జరిగింది జరిగినట్టు పైకి రాశారు: సాధన సమయంలో గంట మోగినందున సిబ్బంది ఏకాగ్రతకు భంగం కలిగినది. జిల్లా ధ్యాన సమన్వయాధికారి మధుకేశ్వర పట్నాయక్ గారి దగ్గరనుంచి మూడో రోజుకే జవాబు వచ్చింది. శాఖలో అంత వేగంగా జవాబు రావడం కూడా ధ్యాన ఫలితమేనని చెప్పుకున్నారు. ‘సదరు ఘంటానాదము కర్ణకఠోరముగా ఉన్నట్లు గమనించడమైనది. దానిని తక్షణమే తొలగించి, మృదువైన వేణునాదమును ఏర్పాటు చేయవలెను. దూరవాణి ద్వారా సంప్రదించు పౌరులకు సైతము సాధనా భాగ్యము కల్పించవలెను.’

గంట తీసి స్టోరులో పెట్టారు. ఆ పైవారం నుంచి పది గంటలు దాటాక ఫోను చేసినవాళ్లకు ఒక తియ్యటి గొంతు వినబడేది. “మీరు సంప్రదించినది అగ్నిమాపక కేంద్రమును. మా సాధకులు ప్రస్తుతం ధ్యానంలో ఉన్నారు. మీ మంట మాకు ముఖ్యం. దయచేసి కళ్లు మూసుకుని దీర్ఘంగా శ్వాస తీసుకోండి.” బస్టాండు దగ్గర టిఫిన్ హోటలాయన వంటింట్లో నూనె మూకుడు అంటుకున్నప్పుడు ఆ మాట విని నిజంగానే దీర్ఘంగా శ్వాస తీసుకున్నాడు. రెండు రోజులు దగ్గాడు.

ఎనిమిదో వారం, నలభై నిమిషాల సాధన అయ్యాక, కాళ్ల తిమ్మిరి వదిలించుకుంటూ సన్యాసిరావు బండి లాగ్ పుస్తకం వెనక ఏవో కూడికలు వేశాడు. వేసి, దాలినాయుడికి చూపించాడు.

“మావా, వారానికైదు నిమిషాలు గదా. తొంభయ్యారో వారానికి ఎనిమిది గంటలౌతాది. అప్పుడు డ్యూటీ అంతా ఇదే. మరి బండెందుకు మనకి?”

దాలినాయుడు ఆ లెక్క తీసుకెళ్లి ఆఫీసరు గారి ముందు పెట్టాడు. “ఇది ఎక్కడాగుతాది సార్? పెంచుకుంటా పొమ్మన్నారు. ఆపమని ఎక్కడా నేదు.”

శశిభూషణరావు గారు సర్క్యులర్ మొత్తం మళ్లీ చదివారు. గరిష్ఠ పరిమితి నిజంగానే లేదు. వివరణ కోరుతూ ఆ రోజే లేఖ రాశారు. జవాబు వచ్చింది: ‘సాధనకు పరిమితి విధించుట అనగా సాధకుని అవమానించుటయే. ఇటువంటి సందేహములు సాధన చాలనందువలన కలుగును.’ కాబట్టి సీతన్నవలస స్టేషన్‌కు అదనంగా పది నిమిషాలు కలిపారు.

ఇలా ఉండగా శాఖ గణాంకాలు వెలువడ్డాయి. సీతన్నవలస పరిధిలో అగ్నిప్రమాదాలు సగానికి సగం తగ్గాయి. స్టేషన్ రిజిస్టరులో రాసిందే అగ్నిప్రమాదం, బండి వెళ్తేనే రిజిస్టరులో రాస్తారు, బండి వెళ్లడం సగమైంది. ఎక్కడా అబద్ధం లేదు. ధ్యానం వల్ల మంటలు తగ్గుతున్నాయని రుజువైనందున సీతన్నవలసను ఆదర్శ కేంద్రంగా ప్రకటించారు. రెండో దశను ప్రారంభించడానికి పట్నాయక్ గారే స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది.

ఆయన వచ్చింది ఇరవయ్యో వారంలో, ఏప్రిల్ ఎండల్లో. పొడుగాటి మనిషి. మాట్లాడేటప్పుడు ప్రతి వాక్యం తర్వాత కాస్త ఆగి, తను అన్నది తనే విని, తృప్తిపడి, తర్వాతి వాక్యానికి వెళ్లేవారు. వెంట ఇత్తడి దీపపు కుందు, నూనె సీసా, కొత్త సర్క్యులర్ తెచ్చారు. పది గంటలకు పావుగంట ముందే ఫోనుకు ఆ తియ్యటి గొంతును పెట్టించి, ఉపవాసంతో నీరసించిన పన్నెండుమందికీ దాన్ని చదివి వినిపించారు.

“రెండవ దశ జ్యోతి ధ్యానము. సాధకులు నిర్ణీత వేళకు జ్యోతి యెదుట చేరి, దృష్టిని దానిపైననే నిలిపి, జ్యోతి పూర్తిగా శాంతించే వరకు సాధనను విడువరాదు. ఆలస్యముగా చేరు సాధకునిపై చర్య తీసుకొనబడును.” ఆగి, తృప్తిపడ్డారు. సర్క్యులర్ ఆఫీసరు గారికిచ్చి అగ్గిపెట్టె తీశారు.

“సార్,” అన్నారు శశిభూషణరావు గారు. “శాఖ భద్రతా నియమావళి, పద్నాలుగో నియమం. డీజిలు నిల్వ ఉన్న కేంద్రం ఆవరణలో నిప్పు వెలిగించకూడదండి.”

“ఆ నియమావళిపై ఎవరి సంతకం ఉన్నది?”

“పెద్దాయనదేనండి.”

“దీనిపైనా వారిదే.” పట్నాయక్ గారు అగ్గిపుల్లను అలాగే పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. “వారు తమతో తాము విభేదింపరు. కావున జ్యోతి ఆవరణకు వెలుపల ఉండవలెను. సాధకులే జ్యోతి వద్దకు వెళ్లవలెనని దీని అంతరార్థము.”

వెలుపల ఎక్కడ అన్న చర్చ మొదలైంది. కిళ్లీ బడ్డీ పక్కనా, మురిక్కాలవ అవతలా అని తర్జనభర్జన పడుతుండగా ఒక ఆటో వచ్చి గేటులో ఆగింది. పరదేశమ్మ దిగింది. చీర కొంగు ఒకవైపు కమిలిపోయి ఉంది.

“పిక్కల తొక్కు కుప్ప అంటుకుంది బాబూ. అంతా జీడి నూనె. బకెట్లకి లొంగడం నేదు. గాలి తాటాకిళ్ల కాసి తిరిగింది, అరవై కొంపలున్నాయక్కడ. ఫోన్ సేస్తే ఊపిరి పీల్సమంటంది. పీల్సడానికి అక్కడ గాలేదీ?”

పట్నాయక్ గారు చేయి ఎత్తారు. “అమ్మా, సాధనా సమయం ఆసన్నమైనది. నూట పది నిమిషముల అనంతరం...”

పరదేశమ్మ ఆయన వైపు చూడలేదు. దాలినాయుడి వైపు చూసింది. అరవలేదు, తిట్టలేదు. అదే అతనికి భరించరానిదైంది. అతను కొత్త సర్క్యులర్ను ఆఫీసరు గారి చేతిలోంచి తీసుకుని, వేలు పెట్టి మెల్లగా కూడబలుక్కుంటూ మళ్లీ చదివాడు.

“సార్. జ్యోతి బయటుండాల. మనమే దానికాడికెళ్లాల. అంతేనా?”

“అంతే.”

“బయట ఒకటుంది సార్. ఎలిగించక్కరనేదు. ఎలుగుతానే ఉంది.”

“ఎక్కడ?”

“పరదేశమ్మ బట్టీకాడ.”

పట్నాయక్ గారు చేతిలోని అగ్గిపుల్లను చూశారు. “అది జ్యోతి అని ఎట్లనగలము? దాని పరిమాణము...”

“పరిమాణం ఇందులో లేదండి,” అన్నారు శశిభూషణరావు గారు. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన చెమటతో తడిసిపోయి ఉన్నారు. “చిన్నదో పెద్దదో ఎక్కడా చెప్పలేదు. నేను రెండుసార్లు చూశాను. పది అయ్యేందుకు రెండు నిమిషాలే ఉందండి. ఆలస్యంగా చేరితే చర్య తీసుకుంటారు. మీ మీద కూడా.”

బండి స్టార్టయింది. నలభై సెకన్లు పట్టలేదని తర్వాత బడ్డీ ముసలాయన చెప్పాడు. పట్నాయక్ గారు తూర్పు ముఖంగా కూర్చునే సీటు వెతికేలోపు సన్యాసిరావు మలుపు తిప్పేశాడు.

మంట తాటిచెట్టు ఎత్తున లేచి ఉంది. నల్లటి జీడిపొగ కళ్లు మండిస్తోంది. దాలినాయుడు దూకుతూనే గాలి చూశాడు. మంట నడుమకు కాదు, ముందు తాటాకిళ్ల వైపు నీళ్ల తెర కట్టమన్నాడు. కుప్ప మీదికి ఇసుక, తడి మట్టి కొట్టమని ఆడవాళ్లకు చెప్పాడు. వాళ్లు అప్పటికే తట్టలతో సిద్ధంగా ఉన్నారు. ఐదు నెలలుగా మూలపడ్డ పైపుల్లో ఒకటి పిగిలింది. ఇద్దరు దాన్ని అదిమి పట్టుకుంటే నాజిల్ దగ్గర మనిషి తక్కువయ్యాడు.

“పట్టండి సార్,” అని దాలినాయుడు దాన్ని పట్నాయక్ గారి చేతుల్లో పెట్టాడు. “రెండు సేతుల్తో. వదిల్తే ఎగిరి మూతి మీద కొడతాది.”

“నేను సమన్వయాధికారిని...”

“ఆ ఇంటి సూరు కాసి కొట్టండి సార్. ఆ మూల. కదపకండి.”

తెల్ల పైజమాలు నల్లబడ్డాయి. గంటన్నర పట్టింది. ఒక్క ఇల్లు కూడా అంటుకోలేదు. చివరి పొగ కూడా తగ్గాక పట్నాయక్ గారి చేతుల్లోంచి నాజిల్ తీసుకోవడానికి ఇద్దరు కావలసి వచ్చారు, వేళ్లు అలా బిగుసుకుపోయాయి. ఆయన ఒక బోర్లించిన తట్ట మీద కూర్చుని, తడిసిన మీసాలతో, ఎటో చూస్తూ ఉండిపోయారు.

శశిభూషణరావు గారు అలవాటుగా నమూనా పత్రం తీశారు. “సార్, మీకు వచ్చిన ఆలోచనల సంఖ్య?”

పట్నాయక్ గారు చాలాసేపు వెతుక్కున్నారు. “ఒక్కటీ రాలేదయ్యా,” అన్నారు మామూలు మనిషి గొంతుతో.

నివేదికలో అబద్ధం రాయవలసిన అవసరం ఏర్పడలేదు. ‘ఉదయం పది గంటలకు సామూహిక జ్యోతి ధ్యానము. సాధకులు పద్నాలుగుమంది, స్థానిక మహిళలు ముప్పై రెండుమంది. తొంభై నిమిషములలో జ్యోతి పూర్తిగా శాంతించినది.’ ఫొటోలు కూడా బాగా వచ్చాయి. రాజధానిలో పెద్దాయన మళ్లీ నవ్వారట. జ్యోతి ఏ వేళ వెలిగితే ఆ వేళే సాధన వేళ అని సవరణ వచ్చింది. వేణునాదమూ, ఫోనులో తియ్యటి గొంతూ పోయాయి. ఇత్తడి గంట ‘జ్యోతి ఆహ్వాన ఘంటిక’ అన్న కొత్త పేరుతో స్టోరులోంచి తిరిగి గేటు దగ్గరికి చేరింది. సన్యాసిరావు ఇడ్లీలు తిని డ్యూటీకి రాసాగాడు. దాలినాయుడు రాత్రిళ్లు నిద్రపోసాగాడు.

జులైలో వానలు పట్టాయి. పట్టిన వారానికి మెమో వచ్చింది. ప్రతి కేంద్రమూ నెలకు కనీసం ఇరవై జ్యోతి ధ్యానములు పూర్తిచేయవలెననీ, సీతన్నవలసలో సున్నా నమోదైనదనీ, తగినన్ని జ్యోతులు లభ్యము కాకపోవుటకు కారణములు తెలుపవలెననీ.

శశిభూషణరావు గారు వానను కారణంగా చూపించారు. వాన బాహ్య కారణమని జవాబు వచ్చింది.

చేసేది లేక దాలినాయుడు బట్టీకి వెళ్లాడు. పరదేశమ్మ కొత్తగా వేసిన పంచ కింద కూర్చుని పిక్కలు ఏరుతోంది. అతను చెప్పిందంతా విని, చేట పక్కన పెట్టింది.

“అయితే ఇప్పుడు నా బట్టీ నానే అంటించుకోవాలా?”

“అలాగన్నానేటి నాను.”

“మరేటి కావాల మీకు?”

“ఏదో ఒక మంట. మేం సూస్తుండగా ఆరాల. అంతే.”

పరదేశమ్మ ఆలోచించింది. “పదింటికి మా వోళ్లందరికీ టీ కాస్తాను. పొయ్యి కాడ కూకోండి. దించినాక నానే ఆర్పుతాను. మీకూ తలో గ్లాసు పోస్తాన్లే.”

మర్నాటి నుంచి వాన ఉన్నా లేకున్నా పది గంటలకు బండి బట్టీ ముందు ఆగేది. పన్నెండుమందీ, ఆఫీసరు గారూ పొయ్యి చుట్టూ చేరి మంటమీదే దృష్టి నిలిపేవారు. పొంగు వచ్చేది, పరదేశమ్మ గిన్నె దించి కట్టెల మీద నీళ్లు చల్లేది, జ్యోతి శాంతించేది. అందరూ టీ తాగేవారు. ఆగస్టు నెలాఖరుకు ముప్పై ఒక్క జ్యోతి ధ్యానాలతో సీతన్నవలస రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది.

సెప్టెంబరులో పరదేశమ్మకు అగ్నిమాపక శాఖ నుంచి రిజిస్టరు పోస్టులో నోటీసు వచ్చింది. ‘మీ ప్రాంగణములో ఒకే నెలలో ముప్పై ఒక్క పర్యాయములు, ప్రతిదినము సరిగ్గా పది గంటలకు, అగ్ని సంభవించుట అనుమానాస్పదముగా ఉన్నది. మీ బట్టీని ఏల మూసివేయరాదో వారములోగా స్థానిక అగ్నిమాపక అధికారికి సంజాయిషీ తెలిపి, వారి నిర్ణయమునకు కట్టుబడవలెను.’

ఆమె దాన్ని తీసుకుని తిన్నగా స్టేషన్‌కు వచ్చి ఆఫీసరు గారి బల్లమీద పెట్టింది. దాలినాయుడు తలుపు దగ్గర నిలబడ్డాడు. ముప్పై రెండుమంది ఆడవాళ్ల పని ఆ కాగితం మీద ఉంది.

“టీ మానీమంటారా, బట్టీ మానీమంటారా?” అంది పరదేశమ్మ.

శశిభూషణరావు గారు నోటీసును రెండుసార్లు చదివారు. తిప్పి చూశారు, వెనక ఖాళీగా ఉంది. ఇన్నాళ్లూ ఆ ఖాళీని చూసి ఆయన భయపడేవారు. ఇప్పుడు కలం తీసి అక్కడే రాయడం మొదలుపెట్టారు. రాసి, సంతకం చేసి, స్టాంపు వేసి, దాలినాయుణ్ణి చదవమన్నారు. అతను కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు.

‘స్థానిక అధికారి హోదాలో సదరు అగ్నిని నేను స్వయముగా ముప్పై ఒక్క పర్యాయములు పరిశీలించితిని. అది ఉద్దేశపూర్వకమైనది, అవసరమైనది, ఎవరికిని హాని చేయనిది. కావున నోటీసు ఉపసంహరించడమైనది. అగ్నిని యథాప్రకారము కొనసాగించవచ్చును. అల్లము మాత్రము కొంత పెంచవలెనని ఈ కార్యాలయము సిఫార్సు చేయుచున్నది.’

పరదేశమ్మ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

“అల్లం అయిపోనాది బాబూ. సంతకెల్లాల,” అంది. “రేపట్నించి దంచుతాను.”